రెండో తొక్కుడు

"పాకంలో కలిపాక ఏం చెయ్యాలక్కా?" మస్కట్ నుంచి తోడికోడలు భార్గవి ఫోన్లో అడిగింది.

"ఏముంది, ఉండలు చుట్టుకోవడమే," అంది ఉమాదేవి.

అబద్ధం. శనగపిండి జంతికలు వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపాక ఆ ముద్దని వేడి మీదే మళ్లీ రోట్లో వేసి తొక్కాలి. ఆ రెండో తొక్కుడు పడకపోతే బందరు లడ్డు నోటి దాకా రాదు, చేతిలోనే రాలిపోతుంది.

అవతల కీబోర్డు టకటకలాడింది. చెప్పింది చెప్పినట్టు భార్గవి కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. ఆమె భర్త రాజబాబు కాంట్రాక్టు అయిపోయింది. నెలాఖరుకి సామాను సర్దుకుని బందరు వచ్చేస్తున్నారు, ఇక తిరిగి వెళ్లరు. బయల్దేరేలోగా ఇంటి వంటలన్నీ ఒకచోట చేర్చాలని భార్గవి పట్టుబట్టింది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి ఒక్కో వంట అడుగుతోంది. ప్రతి శుక్రవారం ఉమాదేవి ఒక్కో వంటలో ఒక్కో ముక్క మింగేస్తోంది. చేపల పులుసులో గరిటె పెట్టకూడదనీ, దాక పట్టుకుని తిప్పాలనీ చెప్పలేదు. పచ్చడికి గోంగూర కడిగాక నీడన ఆరబెట్టాలని చెప్పలేదు.

బంధువుల్లో ఎవరింట పెళ్లి కుదిరినా సారె లడ్డుకి ముందు కబురొచ్చేది ఉమాదేవికే. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క పేరు. భార్గవికి చదువుంది. ఓడలో వస్తున్న వాషింగ్ మెషిన్ ఉంది. అత్తగారి దగ్గర మాట చెల్లుబడి ఉంది. ఇప్పుడు వంట కూడా కావాల్సి వచ్చింది.

అత్తగారు పున్నమ్మ అరుగు మీద కూర్చుని పక్కింటి కృపావరంతో చెప్తుంటే లోపల బియ్యం ఏరుతూ ఉమాదేవి వింది.

"మా చిన్నది వంటలన్నీ కంప్యూటర్లో పెట్టేస్తోందమ్మా. ఇక ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు."

"అయితే ఈసారి పెడనలో మీవాళ్ల పెళ్లికి లడ్డు ఆవిడేనా చేసేది?"

"చెయ్యనీ. నేర్చుకుందిగా."

ఆ పూట ఉమాదేవి వండిన పప్పులో ఉప్పు లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అదీ ఆమెకి కష్టంగానే ఉంది. ఆ చిన్నది వండితే ఇలాగే తిని ఊరుకుంటారా, మెచ్చుకుంటారు.

చెయ్యనీ, అనుకుంది. సారె బుట్టలో లడ్డుకి బదులు పొడి కనపడితే పెడన వాళ్లే మాట్లాడతారు.

పెళ్లి ఇంకా వారం ఉందనగా భార్గవి వచ్చింది. పెట్టెల తాళ్లు కూడా విప్పకుండా లాప్‌టాప్ తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. పున్నమ్మ కళ్లజోడు తెచ్చుకుంది. కృపావరం చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఉమాదేవి వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది.

తెర మీద రోటి ముందు కూర్చున్న ఆడమనిషి ఫొటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'ఉమక్క వంటలు' అని ఉంది.

"ఇది నువ్వేనే," అంది పున్నమ్మ పెద్దకోడలి వైపు తిరిగి.

ఉమాదేవి గుమ్మం పట్టుకుంది. ఆ ఫొటో ఎప్పుడు తీశారో కూడా ఆమెకి గుర్తు లేదు.

ఇంటికి ఒకటి చొప్పున సీడీలు చేయించి పెడనలో సారెతో పాటు పంచుతానని భార్గవి చెప్పింది. గుడివాడ వాళ్లు, పామర్రు వాళ్లు, అవనిగడ్డ వాళ్లు అందరూ పెళ్లికి వస్తారు. సాయంత్రం నెట్ సెంటర్‌కి వెళ్లి ఆ పని చూసుకుంటుందట. సారె లడ్డు మాత్రం అక్కే చెయ్యాలంది.

"అదేంటే, నువ్వు నేర్చుకున్నావుగా?" అంది పున్నమ్మ.

"మస్కట్లో చేశానత్తయ్యా. పొడైపోయింది. చెప్పడంలోనో రాసుకోవడంలోనో ఏదో తప్పుందని ఆయన అన్నారు. మా అక్క చెప్పినదాంట్లో తప్పుండదు, నా చెయ్యే తిరగలేదన్నాను."

పున్నమ్మ పెద్దకోడలి వైపు చూసి తల ఊపింది. ఆ చూపు కోసం ఉమాదేవి ఎన్నేళ్లుగానో చూస్తోంది. ఇప్పుడు కళ్లు దించుకుంది.

గుడివాడలో ఒకరు లడ్డు చుడుతున్నట్టు, అది వేళ్ల సందుల్లోంచి రాలుతున్నట్టు ఆమె కళ్ల ముందు కనపడింది. పామర్రులో చేపల పులుసులో గరిటె పెడుతున్నారు. ముక్కలు చితికిపోతున్నాయి. అవనిగడ్డలో గోంగూర పచ్చడికి బూజు పట్టింది. జాడీ మూత తీసిన ప్రతివాళ్లూ ఆమె పేరే తలుచుకుంటున్నారు.

అత్తగారూ కృపావరం పెట్టెలు చూడ్డానికి ముందుగదిలోకి వెళ్లేదాకా ఉమాదేవి ఆగింది. తర్వాత కుర్చీ లాక్కుని భార్గవి పక్కన కూర్చుంది.

"లడ్డు ఎక్కడుందో తియ్యి," అంది గొంతు తగ్గించి. "ఒక ముక్క చెప్పడం మర్చిపోయాను."

భార్గవి తల ఎత్తలేదు. లడ్డు తీసి, వేళ్లు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చుంది.

"ఒక్కటేనా అక్కా?"