గాలి కొలిచే యంత్రం

ఈ ఉదయం పది గంటలకే నీలవేణి కొప్పులోని కనకాంబరాలు తెల్లబడ్డాయి. రాజాం దగ్గర మా ఫ్యాక్టరీలో ఆమె గోడల రంగుల్లో కలిపే తెల్లటి నానో పొడిని సంచులకెత్తుతుంది. ఆ పొడి రేణువు మందం వెంట్రుకలో వెయ్యో వంతు.

గాలిలో పొడి ఎంత ఉందో కొలిచే యంత్రం పోయిన నెల వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ నరసింగరావుగారు దాన్ని తన ఏసీ గదిలో పెట్టించి, పైన మెత్తటి గుడ్డ కప్పించారు.

నీలవేణి దగ్గుకుంటూ వచ్చి ఆ గది గుమ్మంలో నిలబడింది.

“బాబూ, ఆ మిషను ఒక్కపాలి మా షెడ్డులో ఎట్టి సూడండి. ఆరు నెల్లయినాది, దగ్గు తగ్గనేదు.”

“ఆ దుమ్ములో ఎడితే పాడైపోతాది నీలవేణీ. సానా సున్నితం. వారంటీ కూడా పోతాది.”

“మరి మాకేటి వారంటీ బాబూ?”

ఆయన నవ్వి, సొరుగులోంచి కొత్త మాస్కు తీసిచ్చారు.

“తనికీవోళ్లు వస్తన్నారు, కట్టుకో. ఆళ్లు ఎల్లాక తిరిగిచ్చేయి.”

నీలవేణి వెళ్తూ నా వైపు చూసింది. ఆ గదిలోనే మూల కుర్చీలో ఉన్న నేను రిజిస్టరు మీదికి తల దించుకున్నాను.

తనిఖీ అధికారులు ఆ చల్లటి గదిలోనే టీ తాగి, రిజిస్టరు తిరగేశారు. గాలి శుభ్రంగా ఉందని ప్రతి తేదీ కిందా రాసి ఉంది. షెడ్డు దాకా వెళ్లే పని లేకపోయింది. ఇంగ్లీషు చేతిరాత ఎంత బాగుందో అని మెచ్చుకుని సంతకాలు పెట్టారు.

ఆ చేతిరాత నాది. నన్ను కాన్వెంటులో చదివించింది నీలవేణి. ఆమె మా అమ్మ.