గోళ్ళ చప్పుడు

"ఇంకొక్కసారి అరువు చెల్లీ. ఇందాక లైటు సరిగ్గా పడలేదు" అన్నాడు ఫోన్‌లో దెయ్యాల వీడియోలు పెట్టే దెయ్యాల బ్రదర్.

పన్నెండేళ్ళ పిల్ల. మొదటిసారి నిజంగానే హడలిపోయి అరిచింది. రెండోసారి వాడి కెమెరా కోసం అరవమంటే గొల్లుమని ఏడ్చేసింది.

ఆ ఏడుపు మొహాన్నే వీడియో మీద బొమ్మగా పెట్టుకున్నాడు, దౌర్భాగ్యుడు.

వాడిని పిలిచింది ఎవరో కాదు, పిల్ల తల్లే. వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. అద్దెకి దిగిన ఆ ఒక్క గదిలోనే కుట్టు మిషను, పొయ్యి, పడకా అన్నీ.

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలిస్తే చాలు, ఎవరో గోళ్ళతో గీకుతున్నట్టు టిక్కు టిక్కుమని చప్పుడు. ఇదివరకు అద్దెకున్న అమ్మాయి ఆ గదిలోనే చనిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పాక ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రోజూ ఫోన్‌లో కనిపించేవాడు కదా, వీడేదో మొనగాడనుకుంది.

ఆ మొనగాడు మెరిసే డబ్బాలు నాలుగు పట్టుకొచ్చి గది నిండా గంతులేశాడు. "ఎవడితోనో తిరిగి, మోసపోయి, ఉరేసుకుంది. ఆ పగతో గోడ గీకుతోంది" అని లోకమంతా టాంటాం వేసి తన దారిన తాను పోయాడు.

ఇంకేముంది? బట్టలు కుట్టించుకునేవాళ్ళు గుమ్మం తొక్కడం మానేశారు. అది పోనీ అనుకుంటే, కన్నకూతురు వెళ్ళి పెద్దమ్మ ఇంట్లో కూర్చుంది.

"అమ్మా, నీ దగ్గరికి వస్తాను గానీ ఆ గదికి మాత్రం రాను" అని ఫోన్‌లో తెగేసి చెప్పింది.

ఒక్కగానొక్క పిల్ల. టైలరమ్మకి కడుపు మండిపోతోంది. సరిగ్గా ఆ మంటలోనే గుమ్మంలోకి వచ్చిందొకావిడ. నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డసంచీ.

"ఇక్కడ చప్పుడు వస్తోందట. చూడొచ్చా అమ్మా?"

"మీది ఏ ఛానలు?"

"ఛానలేం లేదు. ఇలాంటి గదులు చూస్తుంటాను, అంతే."

"చూడండి, చూడండి. సంతలో గొడ్డుని చూసినట్టు అందరూ చూసి పొండి."

మొహం మీదే తలుపు వేసేది. పైవాటాలో ఉండే ఇంటావిడ మెట్ల మీంచి "చూడనివ్వవే" అనబట్టి ఆగింది.

వచ్చినావిడ సంచీలోంచి ఏమీ తియ్యలేదు. గోడలు తడమలేదు. ఒక మూల కూర్చుని ప్రశ్న అడిగింది.

"ఆ అమ్మాయి సంగతి తెలియక ముందు కూడా వినపడేదా, తెలిశాకేనా?"

టైలరమ్మ మిగిలిన నాలుగు బట్టలూ ఇస్త్రీ చేస్తూ ఆలోచించింది.

"ముందే వినపడేది. ఎలకలనుకున్నా. ఇలా చచ్చినా వదలని పీడ అని నాకేం తెలుసు? చేసిన పాడు పనికి తను ఉరేసుకుని, నా పిల్లని నా ఇంట్లో లేకుండా చేసింది."

ఆవిడ సంచీ పట్టీ గట్టిగా పట్టుకుంది.

"ఉరి కాదమ్మా. ఉబ్బసం."

"మీకెవరు చెప్పారు?"

"ఆస్పత్రివాళ్ళు. మీరు రోజూ ఏం చేస్తారో అదే చెయ్యండి. నేనిక్కడ లేననుకోండి."

టైలరమ్మ ఇస్త్రీ ముగించి, నాలుగు మెతుకులు తిని, చాప మీద వాలింది. మూల కూర్చున్న ఆవిడ కళ్ళు మూసుకుంది.

టిక్కు. టిక్కు టిక్కు.

"అదిగో, అదే" అని టైలరమ్మ దిగ్గున లేచింది.

ఆవిడ కళ్ళు తెరవలేదు. చాలాసేపు వింది. తర్వాత లేచి చప్పుడు వెంటే నడిచి, ఇస్త్రీ బల్ల దగ్గర ఆగి, మీద పరిచిన దుప్పటి పక్కకి లాగింది. కింద రేకు.

"ఇదెవరు కొట్టారు?"

"నేనే. బల్ల కాలిపోకుండా. ఈ గదికి వచ్చాకే."

"చెయ్యి పెట్టి చూడండి."

పెట్టింది. ఇస్త్రీకి వేడెక్కిన రేకు చల్లారుతూ, మేకుల దగ్గర సర్దుకుంటూ, అరచేతి కిందే టిక్కుమంది.

ఇంకెక్కడి ఓపిక? సుత్తి తెచ్చి, ఆ దెయ్యాల బ్రదర్ పళ్ళే పీకుతున్నాననుకుని మేకులన్నీ పీకేసింది. రేకుని తీసుకెళ్ళి వీధిలో పారేసింది. గదిలో మళ్ళీ ఏ చప్పుడూ లేదు.

"ఇంతేనా? ఇంకేం లేదా ఇక్కడ?"

ఆవిడ దుప్పటిని మడిచి బల్ల మీద పెట్టింది.

"లేదమ్మా. ఏమీ లేదు. మీ పాపని తెచ్చుకోండి." గుమ్మం వైపు కదలకుండానే అడిగింది. "నేను ఇంకాసేపు కూర్చోనా?"

"ఎందుకు?"

"ఊరికే."

టైలరమ్మకి ఎక్కడో కాలింది.

"ఊరికేనా? లేదని మీరే తేల్చారు కదా, ఇంకేం కావాలి? వచ్చిన ప్రతివాళ్ళూ ఇక్కడ తిష్ట వేస్తే నా బతుకేం కాను? మీకూ దెయ్యమే కావాలా?"

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. గది నాలుగు మూలలూ ఒకసారి చూసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా పిల్ల ఇంటికొచ్చింది. రేకు సంగతి విని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు వింటూనే టైలరమ్మ ఫోన్ అందుకుంది. దెయ్యాల బ్రదర్‌కి అసలు సంగతి చెప్పి, ఆ వీడియో తీసెయ్యమంది.

"రేకుని ఎవరు చూస్తారక్కా?" అని ఫోన్ పెట్టేశాడు వాడు.

వాడి ఏడు తరాలనీ తిడుతూ ఉండగా ఇంటావిడ మెట్లు దిగి వచ్చింది.

"ఆవిడేదే? రాత్రి భోజనానికి ఉండమన్నాను."

"పొమ్మన్నాను పిన్నిగారూ. ఏమీ లేదని తేలాక కూడా కదలదే? కూర్చుంటానంటుంది."

ఇంటావిడ గబగబా గుమ్మంలోకి వెళ్ళి వీధి వైపు చూసింది. "ఎంత పని చేశావే."

"ఏం? ఎవరావిడ?"

"ముందే చెబుదామంటే నాతో ఒట్టు వేయించుకుంది. తెలిస్తే నువ్వు జాలిపడి, తన కోసం లేని చప్పుడు కూడా విన్నానంటావేమోనని." ఇంటావిడ వెనక్కి తిరిగింది. "ఆ పోయిన పిల్లని కన్నతల్లే ఆవిడ."