కారు కంటికి బొట్టు

దారి పక్క బోర్డు వైదేహి కారును గమనించి, "చూపు లేని వాహనం. రోడ్డుపై నిషేధం" అని వెలిగింది. కారు తనంతట తానే పక్కన ఆగి తలుపులు బిగించుకుంది. తనిఖీ అధికారి వస్తేగాని తెరుచుకోవు. పదింటికి అన్నయ్యను శ్మశానానికి తీసుకెళ్తారు.

"అత్తయ్యా, కారు ముందు కెమెరాకి బొట్టు పెట్టారా?" అని వైదేహి పక్క సీటులోని అత్తయ్యను అడిగింది.

"నిన్న ఆయుధపూజ కదే తల్లీ! పసుపూ కుంకుమా దట్టంగా పెట్టాను. నా చేతులు పడిపోనూ! దిగి తుడిచేద్దాం."

"దిగనివ్వదు అత్తయ్యా."

అధికారి రాలేదు. పది దాటాక ఎదురుగా పూలదండలతో అన్నయ్యను తీసుకెళ్తున్న బండి వచ్చింది. అత్తయ్య అద్దాన్ని బాదింది.

"ఆగండయ్యా! చెల్లెలు ఇక్కడే ఉంది!"

డ్రైవరు లేని ఆ బండి నెమ్మదించలేదు. వైదేహి అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"చేతులు నొప్పి పుడతాయి, ఊరుకోండి," అంది.