పాత గ్రేడరు ధర

“ఇది మీరు చెప్పిన ఏడాది బండి కాదండీ.”

మదింపు చేయడానికి వచ్చినావిడ, రోడ్లు చదును చేసే ఆ గ్రేడరు ముందు చక్రాల మధ్య నుంచి మోకాళ్ళు దులుపుకుంటూ లేచింది. కంపెనీ వాళ్ళ నంబరు పలక ఎప్పుడో ఊడిపోయింది. ఆమె చాకుతో రంగు గీకి, ఇనుప దూలం మీద పొడిచిన అంకెల్ని బయటికి తీసింది.

“అంతకంటే నాలుగేళ్ళు పాతది.”

“నాలుగేళ్ళలో ఏముందమ్మా?” అన్నాడు పక్కనున్న ముసలాయన. “మనిషికైనా బండికైనా ఏళ్ళు కాదు, ఒళ్ళు చూడాలి.”

“ఒళ్ళూ చూస్తాను. వచ్చిందే అందుకు.”

ఆ ముసలాయన్ని అందరూ లెవెలు మామ అంటారు. మట్టిరోడ్డు చదును చేసేటప్పుడు ఎత్తుపల్లాలు కంటితోనే పట్టేసేవాడట. ఒకప్పుడు ఆయనా, ఈ ఇంటి యజమానీ ఈ గ్రేడరు మీదే వంతులవారీగా పనిచేశారు. ఇప్పుడు యజమాని పక్షవాతంతో కిటికీ పక్కన మంచానికి అతుక్కుపోయాడు. బండి అమ్మితే గాని వైద్యం సాగేలా లేదు. పాత ఇనుము కొట్టువాడు అప్పుడే వచ్చి తూకం లెక్కన అడిగి వెళ్ళాడు.

ఆమె బండి కడుపు కింద వేలాడే పొడుగాటి బ్లేడును రెండు చేతులా పట్టుకుని ఊపింది. అది కటకటలాడింది.

“వదులుంది.”

“ఆ మాత్రం వదులు లేకపోతే తిరిగేదెలాగమ్మా?”

“నన్ను నవ్వించినా ధర పెరగదు పెద్దాయనా.”

ఇంజను మూత ఎత్తి అరచెయ్యి ఆనించిందామె. వెంటనే ఆయన వైపు తిరిగింది.

“వెచ్చగా ఉంది. నేను రాకముందే స్టార్ట్ చేసి ఉంచారు కదూ?”

లెవెలు మామ ఆకాశం వైపు చూశాడు. “ఎండకేమో.”

“మూత కిందకి ఎండ వచ్చిందా? వేడి మీద ఏ బండైనా బుద్ధిగానే లేస్తుంది. చల్లారాకే దాని అసలు రంగు తెలిసేది. చల్లారేదాకా కూర్చుంటాను.”

దొంగ దొరికిపోయినట్టు ఆయన మెడ గోక్కున్నాడు.

ఇంటావిడ టీ తెచ్చింది. “బావగారూ, లోపలికొచ్చి కూర్చోండి” అంది.

“వద్దమ్మా. నన్ను చూస్తే వాడికి ఉన్న జబ్బుకి తోడు ఇంకోటి వస్తుంది.” గ్లాసు అందుకుని, కిటికీకి కనపడకుండా వెనక చక్రం చాటున నిలబడ్డాడు.

ఇంటావిడ గొంతు తగ్గించింది. “వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవమ్మా. ఇద్దరూ ఇద్దరే. మాటా మాటా పెరిగింది, అంతే. ఈయనొచ్చినట్టు కూడా మావారికి తెలీదు. కొనేవాళ్ళెవరు తల్లీ?”

“నాకూ తెలియదండీ. ఎవరో అడిగారని ఆఫీసు వాళ్ళు పంపారు. నేను రాసిన ధరే ఇస్తారట.”

“అదే మంచిది. మావారు ఎవరి దగ్గరా చిల్లిగవ్వ ఊరికే పుచ్చుకోరు. ఎక్కువిస్తే దానమా అంటారు, తక్కువిస్తే దోపిడీ అంటారు. పని తెలిసిన మనిషి లెక్కగట్టి చెప్తే సరే అన్నారు.”

మాటల్లేని మనిషికి ఈ ఇంటి బండి మీద ఇంత తాపత్రయం ఎందుకో మదింపు ఆవిడకి అర్థమైనట్టే అనిపించింది. ఇలాంటి మధ్యవర్తుల్ని ఆమె చాలామందిని చూసింది.

ఇంజను చల్లారింది. ఆమె పైకెక్కి తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, ఆగింది. రెండోసారి ఒళ్ళు విరుచుకుని లేచింది. తెల్లటి పొగ గుప్పుమని వచ్చి, మెల్లగా పలచబడి పోయింది. శబ్దం ఒకే తీరుగా నిలబడింది.

కిటికీలో దిండు మీద వాలి ఉన్న రోగి తల కదిలింది. చచ్చుబడని చెయ్యి లేచి, గాలిలో చిన్నగా కిందికి నొక్కినట్టు ఊగింది. వేగం తగ్గించమని. ఆమె తగ్గించింది. ఆ చెయ్యి తృప్తిగా దిగిపోయింది.

చక్రం చాటునుంచి లెవెలు మామ అదంతా చూస్తూనే ఉన్నాడు. ఆమె దిగేసరికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టాడు.

“విన్నారా ఆ శబ్దం? గుండె గట్టిది. ఇది పాత ఇనుము కాదమ్మా, పని చేసే బండి. టైర్లు చూడండి, సగం కూడా అరగలేదు. ఇంకాస్త వెయ్యండి.”

“కొనేవాడు కూడా కష్టపడే సంపాదించుంటాడు కదా. ఆయన పొట్ట కొట్టమంటారా?”

“కొనేవాడి సంగతి కొనేవాడు చూసుకుంటాడు. మీరు బండి సంగతి చూడండి.”

ఆమె చూసింది. వయసుకి తగ్గించింది, బ్లేడు వదులుకి తగ్గించింది, ఇంజనుకి, టైర్లకి పెంచింది. చివరికి రాసిన ధర లెవెలు మామ ఆశించినదానికి తక్కువే గాని, ఇనుము కొట్టువాడు అన్నదానికి ఎన్నో రెట్లు. కాగితం అందుకుని ఇంటావిడ అంకెను రెండుసార్లు చదువుకుంది. తర్వాత దాన్ని భర్తకి చూపించడానికి లోపలికి పరుగెత్తింది.

లెవెలు మామ గేటుదాకా సాగనంపడానికి వచ్చాడు. మదింపు ఆవిడ ఆగింది.

“ఇప్పుడు నిజం చెప్పండి. ఇందులో మీ కమీషనెంత?”

“వాడు నా చేతి మంచినీళ్ళే ముట్టడమ్మా. కమీషనిస్తాడా?”

“మరి పొద్దుట్నుంచీ ఈ గోలంతా దేనికి? ఇంజను వేడి చేసి నన్నే బోల్తా కొట్టించబోయారు. మీ వేషాలు తెలిస్తే ఆ కొనేవాడు మిమ్మల్ని వదుల్తాడా?”

ఆయన ఒకసారి కిటికీ వైపు చూశాడు. గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గొంతు బాగా తగ్గించాడు.

“కొనేది నేనే తల్లీ.”