సిరిసిల్ల పొడి

జగిత్యాల కాలేజీ ల్యాబులో రమ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కంప్యూటర్ దగ్గరికి పోతుంది. తెర మీద గీత ఇంకా అడుగునే పాకుతోంది. అది నిలువుగా లేచిందంటే మీథేన్ పుట్టినట్టు.

గాజుపాత్రలో చిటికెడు పొడి, పైనుంచి దీపం వెలుగు. కార్బన్ డయాక్సైడ్‌ను ఆ వెలుతురుతో మీథేన్ అనే ఇంధనంగా మార్చడం పొడి పని. నాలుగేళ్లుగా రమ చేసిన పొడులు ఒక్కోటి ఒక్కో మొండిఘటం. ఇదొక్కటే మొన్న పదింతలు గ్యాసు ఇచ్చింది.

ఇది పుట్టిన తీరే వేరు. వడగట్టే కాగితాలు అయిపోయాయి. ఆఫీసుకు రాసి రాసి విసిగిన రమ, సిరిసిల్ల నుంచి బాపు పంపిన బట్టతోనే పొడిని వడగట్టి ఎండలో ఆరబెట్టింది. అంతే, ల్యాబంతా దానికి 'సిరిసిల్ల పొడి' అని పేరు పెట్టేసింది.

ఆ బాపు, రమ తండ్రి పరశురాములు, ఇవాళ మరమగ్గం ఆపి మరీ వచ్చాడు. స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు.

"నిన్న ఫోన్ల చెప్పిన గద బిడ్డా. మంచిగ గంజి వట్టిచ్చిన నూలు. గందుకే చినుగది," అన్నాడు గర్వంగా.

రమ తలూపింది.

కోరుట్ల నుంచి గైడు మాధవ రావు ఫోన్. "ఏందమ్మా రమా, ఇంకెంతసేపు? సాయంత్రం పేపర్ పంపాలె. గది పోతెనే నీకు డాక్టరేట్. మొన్నటి రిజల్ట్ ఉండంగ మల్ల చేసుడెందుకు?"

"ఒక్కసారి చూసుకుంట సార్."

"చూసుడేముంది, గట్లనే అస్తది."

ఫోన్ పెట్టేసి రమ చేతులు నలుపుకుంది. నాలుగేళ్ల కష్టం ఇంకో నిమిషంలో అటో ఇటో తేలిపోతుంది.

గీత కదిలింది. కొంచెం లేచి ఆగింది. తర్వాత ఒక్క ఊపున నిలువునా లేచింది. సరిగ్గా మొన్నటి ఎత్తే, వీసమెత్తు తగ్గలేదు.

ఆ గీత ఏమిటో పరశురాములుకు తెలియదు. లేవాలని మాత్రం తెలుసు.

"లేసింది బిడ్డా. నా బట్ట పనిచేసింది," అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

రమ ఆయన చేతులు రెండూ పట్టుకుని భోరున ఏడ్చేసింది. ఎన్నేళ్ల సంతోషమో అనుకుని ఆయన వీపు నిమిరాడు.

ఈసారి ఆ పాత్రలో ఉన్నవి పొడి, దానికి బట్ట నుంచి అంటిన గంజి మాత్రమే. రమ కార్బన్ డయాక్సైడ్ అసలు వదలనే లేదు.