పానా మీద పేరు

గ్యారేజీ నుంచి ఎత్తుకొచ్చిన పానాల పెట్టెకు పెద్దల్లుడు చెయ్యాల్సిన మర్యాదలన్నీ చేశాడు. ఇరవై నాలుగు పానాల మీదా ఓనరు పంచ్‌తో గుద్దించిన గ్యారేజీ పేరును ఆకురాయితో అరగదీసి, ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాడు.

నింద మాత్రం తోడల్లుడి మీద పడింది. ఇద్దరూ పనిచేసేది ఆ గ్యారేజీలోనే, ఆ రోజు తాళంచెవి అతని దగ్గరుంది. ఉద్యోగం ఊడింది. సోమవారం లోపు పెట్టె దొరక్కపోతే పోలీసు కేసు పెడతానన్నాడు ఓనరు. పెద్దల్లుడికి కాస్త బాధగానే ఉంది గానీ, పానాలు వెనక్కిచ్చేంత బాధ కాదు.

మిగిలిన చిక్కల్లా ఆ నున్నటి మచ్చలే. రేపు సొంత షెడ్డు తెరిచాక, ఇక్కడేముండేదని ఎవరైనా అడిగితే?

ఆ చిక్కు మామగారే విప్పాడు. ఆయన రిటైరైన ఎలక్ట్రీషియను. పనిముట్ల మీద పేరు వేసుకోవడం మంచిదనీ, ఉప్పునీళ్లూ కరెంటూ కలిస్తే ఇనుము మీద అక్షరాలు దిగుతాయనీ, ఆ మిషను ఇంట్లోనే చేసుకోవచ్చనీ మాటల్లో తనే అన్నాడు. పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. పాత పానాలు కొన్నానని చెబితే ఆయన తలూపాడే తప్ప ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇంత అమాయకుడు మామగా దొరకడం తన అదృష్టమే అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే పాత యాంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరు ముందేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఇక చూడాలి మామగారి చాదస్తం. గోడ కరెంటు వచ్చే వైపు ఫ్యూజు పెడితే గానీ స్విచ్చు ముట్టుకోనివ్వలేదు. ట్రాన్స్‌ఫార్మరు ఒంటికి ఎర్తు వైరు బిగించి, ఊడుతుందేమోనని మూడుసార్లు లాగి చూశాడు. అతుకులన్నీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించి మూత వేయించాడు. బయటికొచ్చేది పన్నెండు వోల్టులేనని మీటరు పెట్టి చూపించాడు. ఒక వైరు క్లిప్పుతో పానాకి, రెండోది ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టిన కార్బన్ ముక్కకి. చేతులకు రబ్బరు తొడుగులు వేయించి, కిటికీ బార్లా తెరిచాడు.

"పన్నెండు వోల్టులకి ఇంత హడావుడి ఎందుకు మావయ్యగారూ?"

"ఇవతల పన్నెండే. అవతల రెండు వందల ముప్ఫై. మీకేమన్నా అయితే మా అమ్మాయి గతేంటి?"

ఆ మాటకు పెద్దల్లుడి మనసు కరిగిపోయింది. ఇలాంటి మనిషిని మోసం చేస్తున్నానే అని ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు కూడా.

తన పేరు అక్షరాలు కత్తిరించిన స్టిక్కరు పానాకి అంటించబోతే మామగారు ఆపాడు. ముందు మచ్చంతా ఆ గుడ్డతో తుడవాలట, ఇనుము శుభ్రపడితే పేరు బాగా దిగుతుందట. అల్లుడు బుద్ధిగా తుడిచాడు. గుడ్డ కింద బుసబుసమని నురుగు లేచింది. ఇనుము నల్లబడింది, కానీ అంతా ఒకేలా నల్లబడలేదు. కొన్ని గీతలు ముదురుగా తేలాయి. గీతలు అక్షరాలయ్యాయి. అక్షరాలు గ్యారేజీ పేరయ్యాయి.

మామగారు తీరిగ్గా స్విచ్చు ఆపి, ప్లగ్గు ఊడబీకి, వెళ్లి వీధి తలుపు తీశాడు. గుమ్మంలో ఓనరు, అతని వెనక తోడల్లుడు.

"గుద్దిన పేరు అరగదీస్తే పోదు అల్లుడుగారూ, ఆ దెబ్బకి లోపలి ఇనుము అణిగి ఉంటుందట, ఈ కరెంటు తగిలితే పైకి తేలుతుందట," అన్నాడు మామగారు. "ఆ సంగతి చెప్పిందీ మీ తోడల్లుడే, పానాలు మీ అంతట మీరే బయటికి తియ్యాలంటే ఈ మిషను ఆశ చూపించమన్నదీ అతనే."