టెంటు బయట బూట్లు

"బూట్లు బయటే విడువు అపూ! ఇల్లయినా టెంటయినా ఒకటే."

హేమచంద్ర కేకకి తొమ్మిదేళ్ళ అపూర్వ టెంటు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇట్స్ ఎ టెంట్ డాడ్, నాట్ ఎ టెంపుల్!"

అన్నదే గాని, గులాబీ రంగు బూట్లు విప్పి బయట పక్కపక్కన సర్దింది.

పక్కనే, వెనక సామాన్ల తొట్టి ఉన్న పాత యూట్ బండికి ఆనుకుని కూర్చున్న ముసలాయన ఇటు చూశాడు.

"బూట్లు లోపల పెట్టుకుంటే మంచిది, మేట్."

"మా ఇళ్ళల్లో బూట్లు లోపలికి తేం," అన్నాడు హేమచంద్ర.

ముసలాయన తలూపాడు. మళ్ళీ మాట్లాడలేదు.

నా కూతురి బూట్ల సంగతి ఇతనికెందుకు, అనుకున్నాడు హేమచంద్ర.

వాళ్ళు టెంటు వేసుకున్న చోటు ఎప్పుడో ఆరిపోయిన అగ్నిపర్వతం. దాని నోరు ఇప్పుడు చెరువు. చుట్టూ గడ్డకట్టిన లావా. నల్లటి రాళ్ళు, రాయి రాయికీ చిల్లులు. అతనుండే పాయింట్ కుక్ నుంచి మూడున్నర గంటల డ్రైవ్.

శ్రీదివ్యతో విడిపోయిన ఏడాదికి, కూతురు రెండు రాత్రులు తన దగ్గర ఉండటం ఇదే మొదటిసారి.

"దాని ఒంటి మీద గీత పడినా ఇదే ఆఖరు," అంది శ్రీదివ్య, వాళ్ళు బయల్దేరేటప్పుడు కారు దగ్గర నిలబడి.

అరవలేదు. మామూలుగానే అంది. అందుకే అతనికి భయం.

చెరువు చుట్టూ నడిచినంతసేపూ పాప చెయ్యి వదల్లేదు.

"డాడ్, నా వేళ్ళు నొప్పి!"

"జారితే?"

"నువ్వు పట్టుకుంటే ఇద్దరం జారతాం."

సాయంత్రం అతను మ్యాగీ ఉడికిస్తుంటే, కుళాయి దగ్గర ముసలాయన అపూర్వతో ఏదో చెప్తూ కనిపించాడు. హేమచంద్ర స్టవ్ ఆపి పరుగెత్తాడు.

"ఏం మాట్లాడాడు?"

"హిజ్ నేమ్ ఈజ్ లెన్. నా షూస్ గురించి..."

"చాలు. ఇంకెప్పుడూ అతని దగ్గరికి వెళ్ళకు."

"బట్ డాడ్..."

"వెళ్ళకన్నానా!"

పాపని లాక్కొస్తుంటే యూట్ లోపలికి చూపు పడింది. అద్దానికి ఒక చిన్న బూటు వేలాడుతోంది. పిల్లల బూటు. ఒకటే. నీలం రంగు వెలిసిపోయింది.

హేమచంద్ర ఎవరూ చూడకుండా ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

ఆ రాత్రి టెంటు జిప్పు ఐదుసార్లు చూసుకున్నాడు.

తెల్లవారుతుండగా ఏదో అలికిడి. వల గుడ్డలోంచి చూశాడు. లెన్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. అపూర్వ బూటు అతని చేతిలో ఉంది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

లెన్ ఉలిక్కిపడి బూటు మెల్లగా కింద పెట్టాడు.

"సారీ, మేట్."

అంతే. రెండు చేతులూ పైకి చూపిస్తూ వెనక్కి వెళ్ళిపోయాడు.

తెల్లారగానే హేమచంద్ర ఆ క్యాంపు స్థలం చూసుకునే రేంజర్ దగ్గరికి వెళ్ళాడు. నడివయసు మనిషి ఆవిడ. ఫోటో చూసి నిట్టూర్చింది.

"ఇది లెన్ బండి. ఆయన ఎన్నో ఏళ్ళుగా ఇక్కడికి..."

"ఎన్నో ఏళ్ళుగానా? అయితే మరీ ప్రమాదం. మీరు పంపేస్తారా, నేను పోలీసుల్ని పిలవనా?"

"ఒక్క నిమిషం నా మాట..."

"నాకు కూతురుంది మేడం!"

ఆ మాట, వెనకే వచ్చి నిలబడ్డ లెన్ కూడా విన్నాడు. రేంజర్ మళ్ళీ నోరు తెరవబోతే చెయ్యి ఎత్తి వద్దన్నాడు.

"ఆయన తండ్రి. భయపడాల్సిందే. నేనే వెళ్తాను."

గంటలో లెన్ తన టెంటు చుట్టేశాడు. యూట్ కదిలింది. అద్దం దగ్గర నీలం బూటు ఊగుతూ పోయింది.

"పాప తిన్నదా? ఏం ఇబ్బంది లేదుగా?" శ్రీదివ్య మెసేజ్.

"ఏం లేదు. అంతా బాగుంది," అని కొట్టాడు.

ఆ రాత్రి జిప్పు ఒక్కసారే చూసుకున్నాడు. హాయిగా నిద్రపోయాడు.

పొద్దున టప్, టప్ అన్న చప్పుడుకి మెలకువ వచ్చింది. పక్కన పాప లేదు.

"అపూ! ఏంటా చప్పుడు?"

"షూస్, డాడ్. వేసుకునే ముందు ఇలా కొట్టాలని లెన్ చెప్పా..."

మాట ఆగిపోయింది. ఆ వెంటనే కెవ్వుమన్న కేక.

హేమచంద్ర పాక్కుంటూ బయటపడ్డాడు. గులాబీ బూటు బోర్లా పడి ఉంది. అందులోంచి జారిన గోధుమరంగు పాము, జానెడు కూడా లేదు, లావా రాతి చిల్లులోకి దూరిపోతోంది.

పాపని ఎత్తుకున్నాడు. రెండు పాదాలూ చూశాడు. ఒక్కో వేలూ విడదీసి చూశాడు. మళ్ళీ మొదటినుంచీ చూశాడు.

గీత కూడా లేదు.

"డాడ్, నేనింకా కాలు పెట్టలేదు," అంది అపూర్వ, ఏడుస్తూనే.

రేంజర్ వచ్చి రాయి చుట్టూ తిరిగి చూసింది.

"బ్రౌన్ స్నేక్. పిల్లదైనా విషం విషమే. రాళ్ళలోంచి వస్తాయి. బూట్లో వెచ్చగా ఉంటుంది కదా."

"లెన్ నంబరు ఇస్తారా?" అన్నాడు హేమచంద్ర.

"ఆయనకి ఫోన్ లేదు. ఇక రానని చెప్పి వెళ్ళాడు."

హేమచంద్ర యూట్ నిలిపిన ఖాళీ జాగా వైపు చూశాడు.

"ప్రతి సెలవలకీ వచ్చేవాడు," అంది రేంజర్. "బూట్లు లోపల పెట్టుకోమని ఎవరికైనా ఒక్కసారే చెప్తాడు. వినకపోతే మళ్ళీ అడగడు. తెల్లారకముందే లేచి, బయట కనిపించిన ప్రతి బూటూ తనే దులిపి పెట్టేవాడు."

హేమచంద్ర ఫోన్ తీశాడు. ఫోటోలో నీలం బూటు.

"మరి ఇది..."

ఈసారి మాట మధ్యలో ఆపింది అతనే.

రేంజర్ నల్లరాళ్ళ వైపు చూస్తూ అంది:

"వాళ్ళబ్బాయిది. ముప్పై ఏళ్ళ కిందట, ఇక్కడే, ఒక పొద్దున, దాన్ని ఎవరూ దులపలేదు."